బొలోనా బండ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది పలకలు రుద్దే నాగరత్నమ్మ. కళ్ళారా చూసిన మనిషి. ఆ తర్వాత మార్కాపురంలో చానామంది చానా రకాలుగా చెప్పుకున్నారు. కొండలరావు పంతులు మనవడైతే అంతా వాళ్ళ తాతే చేసినట్టు పెండ్లిపందిళ్ళలో గూడా చెప్తా తిరిగినాడు. ఆ మాటలు నాకు అక్కర్లేదు. నాగరత్నమ్మ చెప్పింది చెప్పినట్టు ఇది.

మార్కాపురానికి రెండు మైళ్ళ అవతల పలకల గని. మద్రాసు సర్కారు కాలం, మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లా కింద ఉండిన రోజులు. తెల్లారేసరికి మగవాళ్ళు గుంటలోకి దిగి, బండను ఉలితో పొరలు పొరలుగా చీలుస్తారు. ఆడవాళ్ళు పాకలో వరసగా కూచోని, ఇసకా నీళ్ళూ పోసి ఆ పొరలను నున్నగా రుద్దుతారు. అయితే ఉలి పట్టుకోకముందు, ఇసక ముట్టుకోకముందు ఒక పని ఉండేది. పాక గోడకు నిలువెత్తు బండ ఒకటి ఆనించి ఉండేది. గుంటలో నుంచి దాన్ని పైకి తీసిన నాటి నుంచి రోజూ పొద్దున దాని మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి, ఎవురో బలపంతో రాసినట్టు. ఇటలీ దేశంలో బొలోనా అనే ఊరంట. ఆ ఊర్లో ఏడెనిమిది వందల ఏండ్ల కిందట ఒక పెద్ద బడంట. ఆ బడిలో ఏం జరిగిందో అందులో ఉంటాది. మేస్త్రి పిచ్చయ్య దాన్ని చదువుతాడు, అందరూ నిలబడి వింటారు. నాగరత్నమ్మ తడిగుడ్డతో తుడిచేస్తుంది, రుద్దిన పలకలు ఆ బండకే ఆనించి ఆరబెట్టాలి గనక. తర్వాత ఎవరి పని వాళ్ళది.

పిచ్చయ్యకు చదువు అంతంత మాత్రం. చిన్నప్పుడు వాళ్ళ నాయన పగిలిన పలక ముక్కల మీద నేర్పిన అక్షరాలే. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, దాన్ని పట్టుకోని, నోట్లో తిప్పుకోని, అప్పుడు పక్కదాని మీదికి పోతాడు. మూడు వరసలు చదివేసరికి ఎండ కాళ్ళ మీదికొస్తుంది. ఒత్తు తగిలితే ముందూ వెనకా మాటలను బట్టి పోల్చుకుంటాడు. అయితే ఒక్క అక్షరం వదలడు. వెంట్రుకంత గీత ఉన్న పలకను చట్రానికి పోనీయని మనిషి. బొలోనా సందులో కుక్క మొరిగిందని ఉన్నా చదువుతాడు, ఫలానా పంతులుకు జలుబు చేసిందని ఉన్నా చదువుతాడు. పదకొండేండ్లుగా ఒక్క ముక్క వదిలింది లేదు. అది ఆయన గర్వం.

ఆ బడి సంగతులు వినేవాళ్ళకు తల తిరిగేవి. అక్కడ పంతుళ్ళను పెట్టుకునేది శిష్యులే. గుడిగంట మోగేసరికి పంతులు పాఠం మొదలు పెట్టకపోతే శిష్యులు దండగ వేస్తారు. అయిదుగురు శిష్యులన్నా రాకపోతే పంతులే బడి ఎగ్గొట్టినట్టు. పంతులు ఊరు దాటాలంటే శిష్యులు ఒప్పుకోవాల. పెండ్లి చేసుకుంటే ఒక్క రోజు సెలవు.

"ఒక్క రోజేనా?" అన్నది నాగరత్నమ్మ, ఆ మాట చదివిన పొద్దు. "మరి పెండ్లాం ఊరుకున్నదా?"

"అది రాయలేదమ్మే," అన్నాడు పిచ్చయ్య. "రాయనిది నేను చదవను."

ఇంకా తికమక ఏందంటే, ఆ శిష్యులంతా రెండు జట్లంట. కొండకు ఇవతలోళ్ళు, కొండకు అవతలోళ్ళు. ఆ మాట వచ్చిన రోజు గనిలో మధ్యాహ్నం దాకా పని సాగలేదు. మార్కాపురానికి పడమట నల్లమల, తూర్పున వెలిగొండ. యా కొండ? గిద్దలూరోళ్ళు నల్లమల అన్నారు. పామూరోళ్ళు వెలిగొండ అన్నారు. ముండ్లమూరు నుంచి వచ్చిన పెద్దాయన, మాకు చుట్టుపక్కల చెప్పుకోదగిన కొండే లేదు, మేము యాడ నిలబడాలని అడిగినాడు. రెండు కొండల నడిమధ్య పుట్టిన పిచ్చయ్య ఎవరికి ఇవతలో ఎవరికి అవతలో ఎవురూ తేల్చలేకపోయినారు. బండ ఆ మర్నాడు దాని గురించి ఏమీ చెప్పలేదు. బొలోనాలో ఒక పంతులు టోపీ పోయిందని చెప్పింది. ముందుది వెనక, వెనకది ముందు చెప్పడం దానికి అలవాటు.

గనిలో గూడా ఒక బడి ఉండేది. ఎండ నెత్తిన పడే వేళ రెండు గంటలు పని ఆపి, పాకలోనే కూచోబెట్టి, కొండలరావు పంతులు అక్షరాలు చెప్పేవాడు. దేశదేశాలకు పలకలు పంపే చేతులు ఒక్క అక్షరం రాయలేకపోతే నవ్వుబాటని గని ఆసామిని అడిగి ఆ బడి పెట్టించింది పిచ్చయ్యే. కొండలరావు ఎప్పుడూ ఆలస్యమే. పైగా ఒత్తుల దగ్గరికి రాగానే, "ఇవి కష్టం, తర్వాత చూద్దాం," అని దాటేసేవాడు.

బొలోనాలో కష్టమైన పాఠం దాటేసిన పంతులుకు దండగ వేస్తారని బండ చెప్పిన రోజున, గని శిష్యులు కొండలరావును నిలదీసినారు.

"ఏంది పంతులూ, ఒత్తులు ఎప్పుడు?"

"ముందు గుడింతం సరిగా రానీయండి."

"గుడింతం వచ్చి మూడేండ్లు," అన్నాడు పిచ్చయ్య. "నువ్వు దాటేసినావు. దాటేసినోడికి దండగ. బావి నుంచి ఆడవాళ్ళకు నాలుగు కడవలు నీళ్ళు మొయ్యి."

"నేను తాలూకా బోర్డుకు రాస్తా!"

"రాయి. ఒత్తులతో రాయి," అన్నది నాగరత్నమ్మ.

పంతులు నాలుగు కడవలూ మోసినాడు. ఎండలో భుజం మీద కడవ పెట్టుకోని వస్తుంటే పిచ్చయ్య మీసం దువ్వుకోని నవ్వినాడు. ఆ నవ్వే తర్వాత ఆయనకు అడ్డమొచ్చింది.

ఇంక అసలు సంగతి.

ఆ గనిలో ఒక కట్టుబాటు ఉండేది, ఊరి పూచీ అని. ఒక ఊరి నుంచి వచ్చినోడు చెప్పకుండా వెళ్ళిపోతే, వాడు తిరిగొచ్చేదాకా అదే ఊరి ఇంకో మనిషిని కదలనీయరు. తాళ్ళూ సంకెళ్ళూ ఏం ఉండవు. పాకలో దూలానికి మేకుల వరస ఉంటాది. ప్రతి పనివాడి ఉలీ సాయంత్రానికి ఒక మేకుకు తగులుకుంటాది. సెలవు మీద పోయేవాడికి మేస్త్రి తన చేత్తో ఉలి తీసి ఇస్తాడు. అట్ల తీసుకోకుండా పోయినోడికి నల్లమలకూ వెలిగొండకూ నడుమ ఏ గనిలోనూ పని పుట్టదు.

రోహిణి కార్తెలో చంద్రశేఖరపురం దగ్గరి ఊరి నుంచి వచ్చిన కాటమరాజు చెప్పాపెట్టకుండా పోయినాడు, ఉలి మేకునే వదిలేసి. గొర్రెలు కాసుకునే ఇంటివాడు, నాలుగు దిక్కులా తిరిగే కాలు. పోతా పోతా ఒక మాట అన్నాడు. అందరి ముందరా అన్నాడు. "మేస్త్రీ, నువ్వు చదువుతుంటే మాకు గాదు, ఆ రాతికే నిద్రొస్తాంది." అందరూ నవ్వినారు. పిచ్చయ్య నవ్వలేదు, మర్చిపోలేదు.

అదే ఊరివాడు ఇశ్రాయేలు. ఊరి పూచీ ఆయన మీద పడింది.

ఇశ్రాయేలుది మాదిగపల్లె, ప్రార్థన చేసుకునే ఇల్లు. మాట తక్కువ మనిషి. మూడు తరాల నుంచి ఒకరి చేలో కూలికి వంగిన ఇల్లు అది. ఆ ఏడు మొదటిసారి రెండెకరాల చేను కౌలుకు దొరికింది. చేను ఆసామి ఒకటే షరతు పెట్టినాడు. తొలకరి పడిన రోజున ఎవరు మడక కడితే వాళ్ళదే కౌలు. ఇంట్లో సంతోషమ్మ ఒక్కతే. ఎద్దులు అరువు. మడక పట్టే మగమనిషి గనిలో మేకుకు తగులుకోని ఉన్నాడు.

"అన్నా, నన్ను వదులు," అన్నాడు ఇశ్రాయేలు, తొమ్మిది రోజులుగా రోజూ అన్నట్టే. "మృగశిర వచ్చేసింది. వాన పడితే చేను పోతాది."

"కాటమరాజును రానీ."

"వాడికీ నాకూ ఏం సంబంధం? వాళ్ళ వీధి వేరు, మా పల్లె వేరు. వాళ్ళ బావిలో మేము చేద గూడా వెయ్యం. నీళ్ళకు రాని సంబంధం తప్పుకు వస్తాదా?"

"ఊరు ఒకటే గదా."

"ఊరు ఒకటని ఈడికొచ్చినాకే తెలిసిందన్నా," అన్నాడు ఇశ్రాయేలు.

పిచ్చయ్యకు ఆ మాట గుచ్చుకుంది. అయినా కాటమరాజు మాట అంతకంటే లోతుగా దిగి ఉంది. మేకుల వైపు చూసినాడు. పక్కపక్కన రెండు ఉలులు. ఒకటి తీయాలంటే రెండోది కళ్ళలో పడుతుంది. తీయలేదు.

పదో రోజు పొద్దున వెలిగొండ మీద మబ్బు కమ్మింది. చినుకు లేదు, ఉరుము ఉంది. ఇశ్రాయేలు మేకుల కింద నిలబడి తూర్పుకే చూస్తా ఉన్నాడు. ఆ రోజు బండ మీద పైనుంచి కింద దాకా రాతే. ఎప్పుడూ అంత రాయలేదు.

పిచ్చయ్య వేలు పెట్టినాడు. వాళ్ళ చక్రవర్తి ఏదో ఆజ్ఞ ఇచ్చినాడంట. చదువు కోసం సొంత ఊరు వదిలి దూరం వచ్చిన వాళ్ళు దిక్కులేని వాళ్ళలాగా బతుకుతా ఉండారంట. వాళ్ళ దేశస్తుడు ఎవడో తప్పు చేస్తే ఊరివాళ్ళు వీళ్ళను పట్టుకుంటా ఉండారంట. అంతవరకు చదివేసరికి పిచ్చయ్య వేలు ఆగింది. తర్వాత వరస మొదటి నాలుగు అక్షరాలు ఆయన నోట్లోకి రాకముందే మనసులోకి వచ్చినాయి.

"ఆగినావేం మామా?" అన్నది నాగరత్నమ్మ.

తడి తగిలి చెరిగిందని చెప్పొచ్చు. ఒత్తులున్నాయి, రాలేదని చెప్పొచ్చు. ఆ గనిలో తనను మించి చదివేవాడు ఎవడూ లేడు, కొండలరావు వచ్చేది ఎండెక్కినాకే, అప్పటికి బండ తుడిచి ఉంటాది. వదిలితే ఎవరికీ తెలీదు. అయితే ఆయన కండ్ల ముందర నాలుగు కడవలు మోసుకుంటా పంతులు కనపడినాడు. తాను మీసం దువ్వుకున్నది కనపడింది.

పిచ్చయ్య వేలు జరిపినాడు.

"చదువుకోను వచ్చినవాణ్ణి... వాని దేశపువాడు చేసిన తప్పుకు... ఎవరూ పట్టి ఉంచరాదు. పట్టి ఉంచినవాడు... ఒకటికి నాలుగు ఇయ్యాల. కొలువులో ఉన్నోడైతే... కొలువు పోగొట్టుకోవాల."

వెలిగొండ మీద ఉరుము ఒకటి ఉరిమింది.

"ఇది ఎవరి ఆజ్ఞ?" అన్నాడు ముండ్లమూరు పెద్దాయన. "మన చక్రవర్తి లండన్లో గదా ఉండేది?"

"ఇది వేరే ఆయన. పాతాయన."

"చచ్చిపోయినాడా?"

"ఏడెనిమిది వందల ఏండ్లంటే చచ్చే ఉంటాడు."

"చచ్చినోడి ఆజ్ఞ మన గనిలో ఎట్ల నడుస్తాది?" అన్నాడు గిద్దలూరాయన. "పైగా అది బొలోనా. కొండకు అవతల."

"యా కొండకు?" అన్నాడు పామూరాయన. మళ్ళీ అదే గొడవ మొదలైంది.

నాగరత్నమ్మ తడిగుడ్డ పిండి భుజాన వేసుకుంది. "బొలోనాకు చెప్పేదుంటే బొలోనాలోనే చెప్పుకుంటాది. మన పాక గోడకు ఆనుకోని చెప్తాందంటే మనకే. నాకు ఆ మాత్రం తెలుసు. అయితే ఇశ్రాయేలు తమ్ముడు చదువుకోను వచ్చినాడా, రాయి చీల్చను వచ్చినాడా? అది చెప్పండి."

అందరూ ఇశ్రాయేలు వైపు చూసినారు. మధ్యాహ్నం బడిలో ఆయన వెనక వరసలో కూచునేవాడు. ఆయన చేతిలో మూల విరిగిన పలక ఉండేది. అయితే కొండలరావు పట్టీలో ఆయన పేరు లేదు. బయటూరోళ్ళు వస్తారు పోతారు, వాళ్ళ పేర్లెందుకని పంతులు రాసుకోలేదు. మరి పేరు లేనివాడు శిష్యుడా, కాదా?

"కింద ఇంకా ఉంది," అన్నాడు పిచ్చయ్య, గొంతు తగ్గించి. ఈసారి వేలు చాలా నిదానంగా నడిచింది. "ఎవరు శిష్యుడో... శిష్యులే చేతులెత్తి తేల్చాల. ఆ ఊర్లో పుట్టినోళ్ళకు... చెయ్యి లేదు. వాళ్ళకు ఊరే అండ. అండ లేనోళ్ళదే... ఈ కూటమి."

"అంటే?" అన్నాడు ముండ్లమూరు పెద్దాయన.

"అంటే మార్కాపురమోళ్ళు ఊరుకోవాల," అన్నది నాగరత్నమ్మ. ఆమె మార్కాపురంలోనే పుట్టింది. తన రెండు చేతులూ కొంగు కింద పెట్టేసుకుంది. "బయటూరోళ్ళు తేల్చండి. ఇశ్రాయేలు మన బడి శిష్యుడే అనేవాళ్ళు చేతులెత్తండి."

మొదట పామూరాయన ఎత్తినాడు. తర్వాత ముండ్లమూరు పెద్దాయన, మా ఊరికి కొండ లేకపోయినా చెయ్యి ఉందా అని అడిగి, ఉందంటే ఎత్తినాడు. గిద్దలూరాయన గొణుక్కుంటా ఎత్తినాడు. ఒక్కొక్కటే పదకొండు చేతులు లేచినాయి, సున్నం లాంటి రాతిదుమ్ముతో తెల్లగా. ఇశ్రాయేలు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక పలకను గుండెకు ఆనించుకున్నాడు.

ఆ చేతులను చూస్తా చూస్తా పిచ్చయ్యకు ఏమైందో, తన కుడిచెయ్యి గూడా పైకి లేచింది. పన్నెండో చెయ్యి.

"మామా," అన్నది నాగరత్నమ్మ. ఆమె గొంతులో ఎగతాళి లేదు. "నీకు చెయ్యి లేదు. దించు."

"ఈ బడి పెట్టించింది నేను."

"ఔను."

"వాడు శిష్యుడనే నేను గూడా అంటాండా."

"అన్నా చెల్లదు. నువ్వే గదా చదివినావు."

పిచ్చయ్య చెయ్యి కొంచెంసేపు గాలిలోనే ఉండింది. ఆయనకు ఏడు తరాల మార్కాపురం. ఆ రాయిని పైకి తీసింది వాళ్ళ నాయన. జీవితంలో మొదటిసారి ఒక బయటూరోడి కోసం చెయ్యెత్తితే, ఆ చేతికి లెక్క లేదు. ఆయన ఆ చేతిని కిందికి దించినాడు. దించినాక దాన్ని వెనక్కి తేలేదు, అట్నే మేకుల మీదికి పోనిచ్చినాడు.

ఇశ్రాయేలు ఉలిని మేకు నుంచి తీసినాడు. ఒకటికి నాలుగు అని బండ చెప్పింది. పక్క మేకున కాటమరాజు ఉలి ఉంది. దాని మీదికి చెయ్యి పోయి, వెనక్కి వచ్చింది. దాన్ని ముట్టుకోలేదు. తన మొలలో ఉన్న సొంత ఉలి తీసినాడు. పాక చూరులో వాళ్ళ నాయన ఉలి దాచి ఉంటే అది తీసినాడు. నాలుగోది కోసం చుట్టూ చూస్తే, పామూరాయన తనది ఇయ్యబోయినాడు.

"ఇది నా దండగ. నువ్వు జొరబడొద్దు," అన్నాడు పిచ్చయ్య. ఇంటికి మనిషిని పంపించి, తన పిడి విరిగిన పాత ఉలి తెప్పించి, అప్పుడు నాలుగూ కలిపి ఇశ్రాయేలు చేతిలో పెట్టినాడు.

"పో. కనిగిరి దారిన పో. రెండు రోజుల నడక."

"అన్నా, నాకు ఒకటి చాలు."

"లెక్క తప్పొద్దు. పో!"

ఇశ్రాయేలు నాలుగు ఉలులూ, మూల విరిగిన పలకా గొంగట్లో చుట్టుకోని తూర్పుకు నడిచినాడు. మబ్బు ఆయన కోసమే ఆగినట్టు ఆ రోజు కురవలేదు, మర్నాడూ కురవలేదు. మూడో రోజు తెల్లారి చంద్రశేఖరపురం మీద వాన దిగేసరికి, రెండెకరాల చేలో సంతోషమ్మ అరువు ఎద్దులను పట్టుకోని నిలబడి ఉంటే, ఇశ్రాయేలు మడక కట్టినాడు. ఆ చేను ఇప్పుడు గూడా వాళ్ళ మనవళ్ళ కిందే ఉంది. పోయి చూసుకోవచ్చు.

గనిలో ఆ సాయంత్రం పిచ్చయ్య తన మేస్త్రి తలగుడ్డ తీసి మేకుకు తగిలించినాడు. ఆసామి ఆయన్ను పొమ్మనలేదు. కొలువు పోగొట్టుకోవాలని తానే చదివినాడు గనక తానే దిగిపోయినాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నం బడిలో వెనక వరసలో, ఇశ్రాయేలు కూచున్న చోట కూచోని, కొండలరావు దగ్గర ఒత్తులు నేర్చుకున్నాడు. పంతులు ఆ రోజు వేళకంటే ముందే వచ్చినాడు. ఆ పొద్దున బండ ఏం చెప్పిందంటే, బొలోనాలో ఒక ముసలి శిష్యుడు చేరినాడని మాత్రం చెప్పింది. పేరు లేదు.

పంట చేతికొచ్చినాక సంతోషమ్మ సజ్జల మూటా, మూడు ఉలులూ పామూరాయనతో పంపించింది. పిచ్చయ్య సజ్జలు తీసుకోని, "ఇచ్చిన దండగ వెనక్కి తీసుకుంటే చదివింది అబద్ధమైతాది," అని ఉలులు తిప్పి పంపినాడు. వాళ్ళు మళ్ళీ పంపినారు. ఆయన బతికున్నన్నాళ్ళు ఆ మూడు ఉలులు వెలిగొండకు అటూ ఇటూ తిరుగుతానే ఉన్నాయి. కాటమరాజు మరుసటేడు తిరిగొస్తే మాత్రం ఉలిని వాడి కాళ్ళ దగ్గర పెట్టి మొగం తిప్పుకున్నాడు. చచ్చేదాకా మాట్లాడలేదు. దాని గురించి బండ ఏమీ చెప్పలేదు గనక ఆయన చేసింది తప్పని అనడానికి లేదు.

ఇంక ఒక్కటే మిగిలింది. ఆ గని హాజరు పుస్తకంలో గుమాస్తా ఎర్ర సిరాతో రెండు మాటలు రాసినాడు. ఇశ్రాయేలు పేరు ఎదుట 'పరారీ' అని. పిచ్చయ్య పేరు ఎదుట 'పనికిరాడని తీసివేయడమైనది' అని. గని మూతపడినాక ఆ పుస్తకం ఎవరింటికో చేరింది. నాగరత్నమ్మ కండ్లు మూసే ముందు అడిగింది ఆ పుస్తకం గురించే. అది ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు దయచేసి ఆ రెండు మాటలూ కొట్టేయండి. మొదటి పేరు ఎదుట 'శిష్యుడు, సెలవు మీద పోయినాడు' అని రాయండి. రెండో పేరు ఎదుట గూడా 'శిష్యుడు' అనే రాయండి. ఒత్తు మర్చిపోవద్దు, ఆయన దానికోసం చానా కష్టపడినాడు.